బావి నీళ్ళు నడిచిన ముప్పై ఎనిమిది రోజులు

1944 జూన్ 5, సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నేను మొదటిసారి బాయిలర్ శాలలో అడుగు పెట్టాను. అప్పుడు నాకు ఇరవై ఒకటి. చేతిలో ఒక రూళ్ళ పుస్తకం, రెండు పెన్సిళ్ళు, నగర్తపేటలో నాన్న మగ్గాల అచ్చులు కట్టే కొట్టు నుంచి తెచ్చుకున్న గజం బద్ద. బద్ద ఎందుకో నాకే తెలియదు. లెక్క అంటే ఏదో ఒకటి కొలవాలి గదా అనుకున్నాను.

"ఎవరమ్మా, దారి తప్పినారా? నూలు చుట్టే శాల అవతల ఉండాది" అన్నాడు పార పట్టుకున్న ఒక ఫైర్‌మ్యాన్.

"నేను ఇక్కడికే వచ్చాను. బొగ్గు లెక్క రాయడానికి."

అతను వెనక్కి తిరిగి కేక వేశాడు. "మేస్త్రీ! బాయిలరుకు జాతకం రాసే అమ్మ వచ్చిండాది! ఏ రాశిలో పుట్టిందో చెప్పండప్పా!"

అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, నాకు వేడి తగలని చోటు ఒకటి చూపించి, నా కోసం ఒక పాత బల్ల అక్కడికి లాగించాడు. అప్పటికి ఆయనకు యాభై ఒకటి. కోలారు అవతలి పల్లె నుంచి వచ్చి, ఇరవై ఆరేళ్ళుగా ఆ మంటల ముందే ఉన్నాడు.

మాది నూలు మిల్లు. ఊరికి వచ్చే నీటి కరెంటు యుద్ధం రోజుల్లో అందరికీ చాలేది కాదు. మిల్లు తన కరెంటు తానే పుట్టించుకునేది. మూడు బాయిలర్లు, రెండు టర్బైన్లు. బొగ్గు ఎక్కడో దూరం నుంచి రైలులో వచ్చేది, అదీ రేషన్ మీద. నా పని చెప్పుకుంటే చిన్నదే: ఎంత బొగ్గు కాల్చారు, ఎన్ని గ్యాలన్ల నీళ్ళు ఆవిరి చేశారు, ఎన్ని యూనిట్లు వచ్చాయి, ఈ మూడూ రాసి, యూనిట్‌కు ఎన్ని పౌన్ల బొగ్గు పట్టిందో తేల్చడం. లెక్క తెలిసిన కుర్రవాళ్ళందరూ యుద్ధం ఆఫీసులకు వెళ్ళిపోయారు గనుకనే ఇంటర్మీడియట్ చదివిన ఆడపిల్లకు ఆ బల్ల దొరికింది.

నేను చేరిన నెలలో ఆ అంకె 3.10. అంటే ఒక యూనిట్‌కు మూడు పౌన్లకు పైనే. ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న మీకు అది నవ్వు తెప్పిస్తుంది. నవ్వండి. కానీ ఆ అంకె వెనక ఏముందో కూడా చెప్పాలి. నేను చేరకముందే బొగ్గు పంచే ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చి ఉంది. 1945 జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఈ మూడు నెలల సగటు 2.50 దాటిన మిల్లులకు బొగ్గు తగ్గిస్తారట. బొగ్గు తగ్గితే మా మిల్లులో మొదట ఆపేది నూలు చుట్టే శాల. అందులో తొంభై ఆరుగురు ఆడవాళ్ళు. మేస్త్రి కోడలు వాళ్ళలో ఒకతె. కొడుకు సైన్యంలో లారీ తోలడానికి వెళ్ళి ఎక్కడున్నాడో తెలియని రోజులు అవి. ఆ ఇంట్లో మేస్త్రి, భార్య, కోడలు, ఇద్దరు చిన్నపిల్లలు.

మా ఇంజనీరు గారు మైసూరు వైపు ఆయన. ముప్పై అయిదు దాటలేదు. కన్నడంలో మెల్లగా మాట్లాడేవారు, ఎవరినీ కసిరేవారు కాదు. ఆయన, మేస్త్రి, నేను ముగ్గురం కలిసి ఆ అంకెను కిందికి దించడానికి పాటుపడిన రోజులే నా జీవితంలో మంచి రోజులు. ఇటుక గోడల బీటల్లోంచి బాయిలర్ చల్లగాలిని లోపలికి పీలుస్తోందని కొవ్వొత్తి వెలుగు పెట్టి వెతికాం. బీటలన్నీ బంకమట్టితో పూడ్చాక 2.92. తరువాత మేస్త్రి తన మనుషులకు నేర్పాడు. ఒకేసారి పది పారలు గుమ్మరించకుండా, రెండు పారలు వేసి, పలచగా పరిచి, మళ్ళీ రెండు. "అన్నం పెట్టినట్లు పెట్టండ్రా. మూటలు దించినట్లు కాదు" అనేవాడు. 2.74. ఆవిరి గొట్టాలకు వేడి పోకుండా కొత్త కప్పు వేయించాక 2.62. వారానికి రెండుసార్లు మసి దులపడం మొదలుపెట్టాక 2.56.

అక్కడ ఆగిపోయింది. ఆగస్టు రెండో వారం వరకు ఎంత చేసినా 2.56.

అప్పుడు నా కన్ను అడుగు నీళ్ళ మీద పడింది.

బాయిలర్‌లో నీళ్ళు ఆవిరైపోతే వాటిలోని ఉప్పు, సున్నం వెనక మిగిలిపోతాయి. అందుకని అప్పుడప్పుడు అడుగున ఉన్న వాల్వు తిప్పి, చిక్కబడిన నీళ్ళను కొంత బయటికి వదిలేస్తారు. వదిలినవి చన్నీళ్ళు కావు. బొగ్గు కాల్చి కాచిన నీళ్ళు. ఆ వేడి అంతా కాలవలో పోతుంది. మేస్త్రి ఎన్నిసార్లు వదలాలో ఎలా నిర్ణయించేవాడో మొదటి రోజే చూశాను. చిన్న కుళాయి నుంచి బాయిలర్ నీళ్ళు ఒక ఇత్తడి లోటాలో పట్టి, కిటికీ గట్టు మీద చల్లారబెట్టి, నాలుక కొసతో చూసి, ఉమ్మేసేవాడు. "ఈపొద్దు ఒకటి చాలు" అనేవాడు. ఒక్కొక్కరోజు "రెండు తూర్లు వదలాల" అనేవాడు.

"ఎట్లా తెలుస్తుంది మేస్త్రీ?" అని అడిగాను ఒకసారి.

"ఎట్లనేముండాది? నువ్వు చారులో ఉప్పు చూడవా?"

"చారు నేను తాగేది. ఇది బాయిలర్ తాగేది గదా."

"అది నోరు లేనిది. దానికోసరం నేను చూస్తా ఉండాను" అన్నాడు.

నాకు అది ముచ్చటగా ఉంది గానీ లెక్కగా అనిపించలేదు. నా పుస్తకంలో ఎన్నిసార్లు వదిలారో రాయడానికి గడి ఉంది. రుచికి గడి లేదు. జూలై 17 నుంచి ఆగస్టు 25 వరకు నలభై రోజుల అంకెలు తీసుకుని కూడి చూశాను. రోజుకు సగటున ఒకటిన్నర. ఒక్కసారే వదిలిన రోజులకూ రెండుసార్లు వదిలిన రోజులకూ బాయిలర్ నడతలో ఏ తేడా లేదు. రోజుకు ఒక్కసారి, ఉదయం ఆరు గంటలకు, కొలిచి వదిలితే అంకె 2.50 కిందికి వస్తుందని రెండు పేజీల లెక్క వేసి ఇంజనీరు గారికి ఇచ్చాను. ఆయన మూడుసార్లు సరిచూశారు. ఒక్క తప్పు లేదు. ఇప్పటికీ లేదు.

సెప్టెంబరు 1 నుంచి అది రూలయింది. బోర్డు మీద తెల్ల రంగుతో రాయించారు.

మేస్త్రి బోర్డు చదివించుకుని విని, నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఏమ్మా లెక్కలమ్మా, నా నాలుక్కి పింఛను ఇచ్చేసినారా?"

"మీ నాలుక మీద కోపం కాదు మేస్త్రీ. రోజుకొక మాట చెబితే లెక్క కుదరదు."

"నీళ్ళు రోజుకొక తీరుగా ఉంటే నేనేం చేసేదమ్మా?" అన్నాడు. మళ్ళీ తానే, "సరే. చుట్టే శాల నిలవాల. అది ముఖ్యం" అని వెళ్ళిపోయాడు. లోటా మాత్రం వదల్లేదు. రోజూ పట్టేవాడు, చల్లార్చేవాడు, చూసేవాడు. జాతకం మాట అన్న ఫైర్‌మ్యాన్, "సుమ్నే, ఊరికే ఎందుకు మేస్త్రీ ఆ పాడు నీళ్ళు? నాలుక చచ్చిపోతే ఇంట్లో అమ్మ కూర ఎట్ల ఉందో చెప్పేదెట్ల?" అని ఆటపట్టించేవాడు. "చెప్పకపోతేనే ఇల్లు నిలిచేది" అనేవాడు మేస్త్రి.

సెప్టెంబరులో అంకె 2.49. ఇంజనీరు గారు శాలలో అందరికీ మైసూరుపాకు పంచారు. డిసెంబరులో బాయిలర్లు ఆపి, గొట్టాల లోపల ఎలా ఉందో చూడాలని ఆయన అనుకున్నారు. ఒక్కొక్కదానికి మూడు రోజులు పడుతుంది. ఆపి మళ్ళీ రాజేస్తే బొగ్గు దండగ, లెక్క పెట్టే మూడు నెలలు ముందున్నాయి. ఏప్రిల్‌లో చూద్దామన్నారు. నేనూ అదే సరి అన్నాను.

జనవరి 2.48. ఫిబ్రవరి 2.49.

ఆ ఏడు ఎండలు ముందుగా వచ్చాయి. మిల్లు వెనక చెరువులో నీళ్ళు తగ్గి, పంపుకు బురద అందడం మొదలైంది. ఫిబ్రవరి 19, సోమవారం నుంచి బాయిలర్లకు తోటబావి నీళ్ళు పెట్టారు. ఈ సంగతి నాకు తెలియదని చెప్పలేను. నీళ్ళ గడిలో, తేదీ పక్కన, "ఈరోజు నుంచి బావి నీళ్ళు" అని నా చేతితో నేనే రాశాను. బావి పంపుకు అయ్యే కరెంటు వేరుగా చూపించాలి గనుక రాశాను. రాసి, కరెంటు సరిగ్గా కూడి, పేజీ తిప్పాను.

నా నలభై రోజుల లెక్క వానాకాలపు చెరువు నీళ్ళ మీద వేసింది. చెరువు నీళ్ళు వాన నీళ్ళు. బావి నీళ్ళు రాతిలోంచి ఊరినవి. మా ఇంట్లో ఆ తేడా నాకు బాగా తెలుసు. బావి నీళ్ళతో పప్పు ఉడకదని అమ్మ రోజూ అనేది.

మార్చిలో అంకె పైకి పాకింది. 2.51, 2.52, 2.54. నాకు నిద్ర పట్టలేదు. బొగ్గు నాసిరకం వచ్చిందనుకున్నాను. తూకం మనిషితో పోట్లాడాను. గొట్టాల లోపల సున్నం పొర కట్టి, మంట వేడి నీళ్ళకు అందకపోవడం వల్లనే అంకె పెరుగుతోందని నాకు తట్టలేదు. అంకె చెబుతూనే ఉంది. అంకెలు చదవడమే నా ఉద్యోగం.

మార్చి 28, బుధవారం. ముందు రోజు వరకు అయిన ఎనభై ఆరు రోజులు కూడి చూశాను; సగటు 2.50లో ఆగాలంటే మిగిలిన నాలుగు రోజులూ 2.52 దాటకుండా నడవాలి. ముందు రోజు 2.54. ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మేస్త్రి లోటా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"లెక్కలమ్మా, రెండో బాయిలరు నీళ్ళు చేదుగా ఉండాయి. పదైదు దినాలుగా చూస్తా ఉండాను. ఉప్పు కాదు, చేదు. నాలుగు తూర్లు వదలాల. ఇంజనీరు సారు లేరు, రైలు స్టేషనుకు పోయినారు. నువ్వు ఊఁ అంటే వదిలేస్తాను."

నేను పుస్తకం ఆయన వైపు తిప్పాను. ఆయనకు చదవడం రాదని నాకు తెలుసు. అయినా తిప్పాను.

"నాలుగే రోజులు మేస్త్రీ. ఇప్పుడు నాలుగుసార్లు వదిలితే ఈరోజు 2.60 అవుతుంది. మూడు నెలలు చేసినదంతా పోతుంది. ఆదివారం ఒకటో తేదీ. ఆ పొద్దున ఎన్నిసార్లయినా వదలండి."

ఆయన లోటాలో నీళ్ళు చూశాడు.

"రెండు తూర్లు?"

"రెండు వదిలినా దాటిపోతుంది."

"నాలుగు దినాలంటావు."

"నాలుగే."

"సరే తల్లీ. నీ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఆ తొంభై ఆరు మందిలో నా కోడలూ ఉండాది" అన్నాడు. లోటా నీళ్ళు కాలవలో పోసి, పార తీసుకున్నాడు. కుర్రవాళ్ళకు ఇచ్చి ఊరుకోవచ్చు. కానీ అంకె తగ్గాలంటే మంట పలచగా పరవాలి, అది ఆయన చేతికి వచ్చినంత బాగా ఎవరి చేతికీ రాదు. ఆ నెలంతా రెండో బాయిలర్‌కు ఆయనే బొగ్గు వేస్తున్నాడు.

పన్నెండు గంటల ఐదు నిమిషాలకు ఆయన మంట తలుపు తెరిచాడు. తానులో గుడ్డను ఒక్క పట్టున చించినట్టు ఒక చప్పుడు. లోపల గొట్టం ఒకటి పగిలింది. ఆవిరీ మంటా కలిసి ఆ తలుపులోంచి బయటికి వచ్చాయి. శాలంతా తెల్లగా అయిపోయింది. ఎవరో అరుస్తున్నారు. ఆ జాతకం మాట అన్న ఫైర్‌మ్యానే, తడి గోనెసంచి కప్పుకుని నేల మీద పాకి వెళ్ళి, మేస్త్రి కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

నేను ఏం చేశానో కూడా రాయాలి. నేను గడియారం చూసి, పుస్తకంలో "12-05" అని రాశాను. తర్వాత లేచాను.

ఆయన రెండు రోజులు బతికాడు. మార్చి 30, శుక్రవారం, ఉదయం తొమ్మిదింబావుకు ఆసుపత్రిలో పోయాడు. నేను గురువారం వెళ్ళాను. ముఖం కనబడకుండా కట్లు కట్టారు. నా గొంతు గుర్తుపట్టి, "ఎంత వచ్చిందమ్మా?" అని అడిగాడు. అంకె అడుగుతున్నాడు. బాయిలర్ ఆగిపోయాక అంకె ఏముంటుంది? "సరిపోయింది మేస్త్రీ" అన్నాను. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను తప్పు అని తెలిసి చెప్పిన అంకె అదొక్కటే.

ఏప్రిల్ 2, సోమవారం బాయిలర్ల ఇన్‌స్పెక్టర్ వచ్చారు. పగిలిన గొట్టాన్ని కోయించి మా ముందు పెట్టారు. లోపల బూడిద రంగు పొర, అంగుళంలో ఎనిమిదో వంతు మందం, గోరుతో గీకితే రాలేదు. ఆయన నా పుస్తకం మొదటి పేజీ నుంచి చూశారు.

"చాలా శుభ్రంగా రాశారు. రూలు ప్రకారం రోజూ ఆరింటికి నీళ్ళు వదిలారు. ఎక్కడా తప్పలేదు. అయితే మంట ఎక్కువ వేశాడా మీ మేస్త్రి?"

"లేదు సార్. ఆయన నీళ్ళు వదులుతానని అడిగాడు. నేను వద్దన్నాను."

"అది ఇందులో లేదే?"

"దానికి గడి లేదు సార్."

ఇంజనీరు గారు ముందుకు వచ్చారు. "ఆ రూలు నాది" అన్నారు. "లెక్క నాది" అన్నాను నేను. ఇన్‌స్పెక్టర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నీళ్ళు ఎవరివి?" అని అడిగారు. నీళ్ళను పరీక్ష చేసే పని ఎవరిదని ఆయన అడిగింది. ఆ పని చేస్తున్న మనిషి ఒకడే, ఆ పనికి మా దగ్గర పేరు కూడా లేదు.

ఆయన రిపోర్టులో మేస్త్రి తప్పు రాయలేదు. అంతవరకు నేను చెప్పింది పనికి వచ్చింది.

పదకొండో రోజు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. జరిగింది చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. గుమ్మంలోనే చెప్పేశాను. "అమ్మా, నీళ్ళు వదలొద్దన్నది నేనే."

మేస్త్రి భార్య తలుపు పూర్తిగా తీసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఆయప్ప ఇంట్లో అనేవాడమ్మా" అంది. "ఇరవై ఆరేళ్ళకు ఒక్క మనిషి వచ్చిండాది, నేను చేసేది రాసిపెట్టేదానికి అని. నా పని బుక్కులో ఎక్కుతా ఉండాది అని. ఎంత సంతోషమో." కోడలు చాప వేసింది. కూర్చోలేకపోయాను.

తరువాతి సంగతి మీకు తెలిసిందే, లేదా పుస్తకాల్లో ఉంది. జూలై నుంచి ప్రతి షిఫ్టులో బాయిలర్ నీళ్ళు గాజు సీసాలో పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి, ఎన్నిసార్లు వదలాలో తేల్చడం మొదలైంది. నా పుస్తకంలో కొత్త గడి వచ్చింది. ఇంజనీరు గారు ఆ వానాకాలంలోనే ఉద్యోగం వదిలి వెళ్ళారు. 1946లో మా అంకె 2.57, నిజమైన 2.57. 1949లో నీళ్ళ సున్నం తీసే తొట్లు, పోయే పొగ వేడితో నీళ్ళు కాచే గొట్టాలు వచ్చాక 2.31. ఆ తరువాత నేను పనిచేసిన పెద్ద కరెంటు స్టేషన్లలో ఒకటిన్నర కంటే తక్కువ కూడా చూశాను. ప్రతిసారీ అంకె దిగినప్పుడు శాలలో మిఠాయి పంచేవారు. నేను తీసుకుని పక్కవాళ్ళకు ఇచ్చేదాన్ని. తీపి పడదేమో అనుకునేవారు.

మీకు నేను చెప్పగలిగేది ఎక్కువ లేదు. అంకె దించండి. బొగ్గు మిగలడం మంచిదే, దానిలో సందేహం లేదు. సగటు తీసేముందు ఆ రోజులు ఏ కాలపు రోజులో చూడండి. మీ శాలలో ఎవరైనా చెప్పేదానికి మీ దగ్గర గడి లేకపోతే, అది వాళ్ళ తప్పు కాదు. ఇవన్నీ రాయడం తేలిక. ఆ బుధవారం నా ఎదురుగా మనిషి నిలబడి అడుగుతున్నప్పుడు నాకు కనబడింది 2.52 ఒక్కటే.

పోయినవి ఇవి.

నీటి గొట్టాలు: పదకొండు. పగిలింది ఒకటి, పొర చూసి తీసేసినవి పది.

రెండో బాయిలర్ ఆగిన రోజులు: నలభై మూడు.

మూడు నెలల సగటు: లెక్కకు తీసుకోలేదు. బొగ్గు తగ్గించారు.

పని పోయిన ఆడవాళ్ళు: తొంభై ఆరుగురు. జూన్‌లో తిరిగి పిలిచినవాళ్ళు అరవై ఒకరు. పిలవనివాళ్ళు ముప్పై ఐదుగురు. మేస్త్రి కోడలు ఆ ముప్పై ఐదుగురిలో ఉంది.

మనుషులు: ఒకరు. వయసు యాభై రెండు.